మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి

మా నాన్న ట్రంకుపెట్టె తాళంచెవి ఎప్పుడూ ఆయన మొలతాడుకే వేలాడేది. జీడితోటకు వెళ్ళినా, పెళ్ళికి వెళ్ళినా, స్నానానికి వెళ్ళినా అక్కడే. పెట్టె నల్లది. మూత మీద తెల్లరంగుతో ఆయన నంబరు, ర్యాంకు, పేరు ఇంగ్లీషులో రాసి ఉండేవి. 2008లో రిటైరై పలాస స్టేషన్లో దిగినప్పుడు హోల్డాలు తమ్ముడికిచ్చి, పెట్టె మాత్రం తనే మోసుకున్నారు. కూలి మనిషిని ముట్టుకోనివ్వలేదు.

2019 జూన్‌లో ఒక తెల్లవారుజామున గుండెపోటుతో పోయారు. అప్పటికి 54 ఏళ్ళు. చివరి స్నానం చేయించేటప్పుడు మొలతాడు తెంపారు. తెంపిన పెదనాన్న ఆ తాళంచెవి తెచ్చి అమ్మ చేతిలో పెట్టారు. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "నాకెందుకిది?" అంది. పెళ్ళయిన 29 ఏళ్ళకు ఆ తాళంచెవి ఆమె చేతికి రావడం అదే మొదలు.

మా శ్రీకాకుళం జిల్లాలో మిలట్రీ ఇళ్ళు లేని ఊరు వెతుక్కోవాలి. ఆ ఇళ్ళను ఏళ్ళ తరబడి నడిపేది ఆడవాళ్ళు. పెట్టె తాళం మాత్రం మగవాళ్ళ దగ్గర. అన్ని సంసారాల్లోనూ ఉన్నదే కదా ఈ పెత్తనం అని చాలామంది తీసిపారేస్తారు. నేను ఒప్పుకోను. వేరే ఇంట్లో భార్యకు కాగితాలు తెలియకపోతే ఇబ్బంది పడుతుంది. మిలట్రీ ఇంట్లో తెలియకపోతే, అన్నేళ్ళు ఒంటరిగా ఉన్నందుకు ఆమెకు రావాల్సిన ఒకే ఒక్క కూలి, ఫ్యామిలీ పెన్షన్, ఆగిపోతుంది. ఇది చదివి నాన్న స్నేహితులు కొందరికి నా మీద కోపం రావచ్చు. నన్ను ఎత్తుకుని తిప్పినవాళ్ళే, రెండు రోజులు మాట్లాడకుండా ఉండి మూడోనాడు వాళ్ళే ఫోన్ చేస్తారు.

మాది ఉద్దానం. కొబ్బరి, జీడి, పనస, పక్కనే సముద్రం. చూడ్డానికి వచ్చినవాళ్ళు కోనసీమలా ఉందంటారు. ఎకరం, రెండెకరాల తోట మీద నలుగురు కొడుకులు బతకలేరని ఉన్నవాళ్ళకు తెలుసు. అందుకే ఇంటర్ అయిన కుర్రాళ్ళు తెల్లారకముందే రోడ్డు మీద పరుగు మొదలెడతారు. 1,600 మీటర్లు ఐదున్నర నిమిషాల్లో కొడితే ఫుల్ మార్కులు, పది పుల్లప్స్ తీస్తే ఫుల్ మార్కులు. సెలెక్టయిన వాణ్ణి "దేశసేవకి వెళ్ళాడు" అని మా ఊళ్ళో ఎవరూ అనరు. "మిలట్రీకి ఎల్లిపోనాడు" అంటారు. నిజంగానే పోయినట్టే. ఆ తర్వాత ఊరికి వచ్చేది చుట్టపుచూపుగానే.

నాన్న 1984లో చేరారు. డ్రైవరు. 24 ఏళ్ళ సర్వీసు చేసి నాయక్ ర్యాంకుతో బయటికొచ్చారు. 1990లో పెళ్ళి. జవానుకు ఏడాదికి 60 రోజుల యాన్యువల్ లీవు, 30 రోజుల క్యాజువల్ లీవు. అవీ మనం అడిగినప్పుడు రావు, వాళ్ళు ఇచ్చినప్పుడే. ఒక్కసారి పీస్ స్టేషన్లో ఫ్యామిలీ క్వార్టర్ దొరికితే అమ్మ రెండేళ్ళు ఆయనతో ఉంది. ఫీల్డు పోస్టింగయితే ఆ మాటే లేదు. ఒకరోజు కూర్చుని లెక్కేశాను. పెళ్ళి నుంచి రిటైర్మెంటు దాకా 18 ఏళ్ళలో, ప్రతి ఏడాదీ లీవంతా వాడుకున్నారనుకున్నా, ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నది ఆరేళ్ళు. మిగతా పన్నెండేళ్ళు అమ్మ ఒక్కతే.

ఒక్కతే అంటే అత్తమామలతో, మరిదితో, ఇద్దరు పిల్లలతో అన్నమాట.

ఆ పన్నెండేళ్ళలో తాతకు పక్షవాతం వస్తే విశాఖ కేజీహెచ్‌కి తీసుకెళ్ళింది అమ్మే. తమ్ముడికి టైఫాయిడ్ వస్తే కాశీబుగ్గ ఆసుపత్రిలో తొమ్మిది రాత్రులు బెంచీ మీద పడుకుంది. ఇంటికి పెంకులు మార్పించింది, బావి తవ్వించింది, పక్కతోట వాళ్ళు కంచె జరిపితే గొడవ పడి వెనక్కి జరిపించింది. 1999లో కార్గిల్ జరుగుతున్నప్పుడు నాన్న జమ్ము వైపు ఉన్నారని మాత్రమే తెలుసు. ఉత్తరం మీద అడ్రసు చూస్తే నంబరు, పేరు, యూనిట్, కేరాఫ్ 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు). ఊరి పేరే ఉండదు. మొగుడు ఏ ఊళ్ళో ఉన్నాడో తెలియని అడ్రసుకు ఉత్తరాలు రాయించేది. ఆ మూడు నెలలూ టీవీ ఉన్న ఇంటి ఛాయలకు పోలేదు. పోస్ట్‌మాన్ వచ్చే వేళకు మాత్రం పని ఉన్నా లేకపోయినా వీధరుగు మీద జీడిపిక్కలు కొడుతూ కూర్చునేది. అతను మా ఇల్లు దాటి వెళ్ళిపోతే అప్పుడు లేచి పొయ్యి వెలిగించేది. నాకు ఏడేళ్ళు. అన్నం ఎందుకు ఆలస్యమవుతోందో అర్థమయ్యేది కాదు.

నెలనెలా మనియార్డరు వచ్చేది. తాత పేరు మీద. తాత సంతకం పెట్టి తీసుకుని, సంతకు ఎంత కావాలో అడిగి అమ్మకు ఇచ్చేవారు. పొలం పాసుబుక్కు తాత పేరు మీద. బ్యాంకు ఖాతా నాన్న పేరు మీద. చాకిరీలో తప్ప ఆ ఇంట్లో ఇంకెక్కడా అమ్మ పేరు లేదు.

పన్నెండో రోజు అయ్యాక పెట్టె తీశాం. మూత ఎత్తగానే కలరా ఉండల వాసన. పైన మడత నలగని ఆలివ్ గ్రీన్ స్వెటరు. దాని కింద బూట్ల పాలిష్ డబ్బా, అడుగున ఎండి చెక్కలా అయిపోయిన పాలిష్. క్యాంటీన్ బిల్లులు ఏడాది వారీగా దారం కట్టి ఉన్నాయి (పప్పులు, సబ్బులు, రమ్ము, అన్నీ). ఇద్దరు పాత స్నేహితులకు అప్పిచ్చిన నోట్లు, ఒకదానికి గడువు దాటిపోయింది. అమ్మకు ఆ అప్పుల సంగతి అప్పుడే తెలిసింది. ఇంకా అడుగున డిశ్చార్జ్ బుక్కు, పీపీఓ (పెన్షన్ మంజూరు చేసిన కాగితం), ఒక జాయింట్ ఫొటో. ఫొటోలో అమ్మ ఎవరిదో పట్టుచీర కట్టుకుని, ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది. పీపీఓలో భార్య పేరు ఉండే చోట తమ్ముడు వేలు పెట్టి చదివాడు. మళ్ళీ చదివాడు. "అక్కా, ఇది అమ్మ పేరు కాదే" అన్నాడు.

అమ్మ పేరు ఇక్కడ రాయను, ఆమెకు ఇష్టముండదు. అయింది ఏమిటంటే, మా వైపు ఆడపిల్లలకు బళ్ళో వేసే పేరొకటి, ఇంట్లో పిలిచే పేరొకటి. చిట్టి, పాప, బుల్లి, ఇలాంటివి. నాన్న అందరిలాగే అమ్మను బడి పేరుతో కాకుండా ఇంట్లో పేరుతో పిలిచేవారు. పెళ్ళయ్యాక యూనిట్లో భార్య పేరేమిటని అడిగితే నోటికొచ్చిన ఆ ముద్దుపేరే చెప్పారు. తెలుగు రాని గుమాస్తా తనకు వినబడినట్టు రాసుకున్నాడు. పుట్టిన తేదీ తెలియక జనవరి 1 వేశారు. జవాను జీవితంలో ఏం జరిగినా, పెళ్ళయినా, బిడ్డ పుట్టినా, యూనిట్ నుంచి పార్ట్ టూ ఆర్డరు పడాలి. అది పడితేనే జరిగినట్టు లెక్క. ఊరంతా చూస్తుండగా మా అమ్మ మెడలో మూడుముళ్ళు వేసిన మనిషి, రికార్డు ప్రకారం ఇంకెవరినో పెళ్ళాడారు. ఆ ఇంకెవరికో ఆధార్ కార్డు లేదు, ఓటు లేదు, ఒంటి మీద జీడి మచ్చలు లేవు. ఫ్యామిలీ పెన్షన్‌కి అర్హురాలు మాత్రం ఆవిడే.

బ్యాంకులో కూర్చున్నాయన మర్యాదస్తుడే. కుర్చీ చూపించి, మంచినీళ్ళు తెప్పించి, పీపీఓనూ ఆధార్‌నూ పక్కపక్కన పెట్టి, "అమ్మా, ఇద్దరూ ఒకరే అని నేను నమ్ముతాను. నా కంప్యూటర్ నమ్మదు" అన్నాడు. అక్కడి నుంచి మొదలైంది. శ్రీకాకుళంలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం, అక్కడ చెప్పిన ఫారాలు. మేజిస్ట్రేట్ ముందు అఫిడవిట్. ఒక తెలుగు పేపర్లో, ఒక ఇంగ్లీషు పేపర్లో ప్రకటన. ఈ రెండు పేర్లూ ఒకే మనిషివని రెవెన్యూ వాళ్ళ సర్టిఫికెట్. కాగితాలన్నీ రికార్డు ఆఫీసుకి రిజిస్టర్డ్ పోస్టులో. వాళ్ళు ఒకటి తక్కువైందని రాస్తే మళ్ళీ మొదటికి. మధ్యలో 2020 మార్చి వచ్చింది, కరోనాతో అన్నీ మూతపడ్డాయి. మొత్తం 14 నెలలు. నేను విజయనగరంలో టీచర్ని. ఎన్ని క్యాజువల్ లీవులు దీనికే పెట్టానో మా హెడ్‌మాస్టర్‌ని అడిగితే చెబుతారు.

ఎవరూ మమ్మల్ని కసరలేదు, లంచం అడగలేదు. ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి కథల్లో ఎప్పుడూ ఒక దుర్మార్గుడైన గుమాస్తా ఉంటాడు. మా కథలో లేడు. ప్రతి బల్ల దగ్గరా మంచి మనిషే కూర్చున్నాడు, ప్రతి మంచి మనిషీ ఇంకో కాగితం అడిగాడు. నాన్న సెలవుకొచ్చినప్పుడు ఒక్క గంట పెట్టె తీసి అమ్మకు చూపించి ఉంటే, ఆమె ఐదో క్లాసు చదువుకి ఆ తప్పు పట్టుకునేది. తన పేరు చదువుకోవడం ఆమెకు వచ్చు. సర్వీసులో ఉండగా అది ఒక్క పార్ట్ టూ ఆర్డరుతో పోయే పని.

ఆ 14 నెలలూ అమ్మ మళ్ళీ జీడిపిక్కలు కొట్టడానికి వెళ్ళింది. నాన్న రిటైరయ్యాక మానేసిన పని. అప్పటికి తిత్లీ తుఫాను వచ్చి ఏడాది కాలేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున అది పలాస దగ్గర తీరం దాటింది. మా తోటలో కొబ్బరిచెట్లు సగానికి పైగా కూలిపోయాయి, జీడిచెట్లు వేళ్ళతో లేచిపోయాయి. కొత్తగా వేసిన కొబ్బరి కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది. తోట లేదు, పెన్షన్ లేదు. నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాం.

జీడి పని చూడనివాళ్ళకు ఒక మాట. పిక్క పెంకులో సొన ఉంటుంది. అది తగిలితే చర్మం కాలుతుంది. ఆడవాళ్ళు వేళ్ళకు బూడిద రాసుకుని కొడతారు, అయినా బొటనవేలు, చూపుడువేలు నల్లబడి పొరలు పొరలుగా ఊడతాయి. కొన్నేళ్ళకు ఆ వేళ్ళ మీద గీతలే ఉండవు. చివరికి పెన్షన్ మంజూరయ్యాక, నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ కోసం అమ్మను కాశీబుగ్గలో ఒక కంప్యూటర్ సెంటర్‌కి తీసుకెళ్ళాను. బతికే ఉన్నానని ఏటా నవంబరులో వేలిముద్ర వేసి చెప్పాలి. అమ్మ బొటనవేలు పెట్టింది. ఎర్రలైటు. తుడుచుకుని పెట్టింది. ఎర్రలైటు. కుర్రాడు ఆమె వేలు పట్టుకుని గట్టిగా నొక్కాడు. ఒక్కొక్క వేలే, పదివేళ్ళూ అయ్యాయి. "ఏలు అరిగిపోనాది బావూ, నేను అరిగిపోనేదు కదా" అంది అమ్మ. వెనక లైన్లో ఉన్నవాళ్ళు నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఇప్పుడు ముఖం చూపిస్తే చాలు, ఫోన్లోనే అయిపోతోంది. అందరికీ ఆ సంగతి తెలియదు, ఉద్దానం ఆడవాళ్ళకు ముందు చెప్పాల్సింది అదే.

పెన్షన్ పడ్డాక ఇంకో కథ. నాన్న ఖాతాలో పడినదానికన్నా అమ్మ ఖాతాలో ఎక్కువ పడింది. ఊరికి ఆ మాట ఎలా చేరిందో తెలియదు గానీ చేరింది. "మొగుడు బతికున్నప్పటికన్నా పోయాకే ఎక్కువొస్తందట" అని బావి దగ్గర అనుకున్నారు. అమ్మ నెలరోజులు బావికి వెళ్ళడం మానేసింది. ఇందులో వింతేమీ లేదు. నాన్న రిటైరయినప్పుడు పెన్షన్లో కొంత కమ్యూట్ చేసి ఒకేసారి తీసుకున్నారు, ఇంటికి స్లాబు పడింది దాంతోనే. ఆ భాగం 15 ఏళ్ళ దాకా ప్రతినెలా కోసుకుంటారు. ఆ కోత పెన్షనరుకే, ఫ్యామిలీ పెన్షన్‌కి ఉండదు. పైగా మొదటి ఏడేళ్ళు, లేదా ఆయనకు 67 ఏళ్ళు నిండేదాకా, ఏది ముందయితే అప్పటిదాకా, చివరి జీతంలో సగం ఇస్తారు. ఆ తర్వాత 30 శాతం. ఇదంతా అమ్మకు ముందే తెలిసి ఉంటే బావి దగ్గరే నిలబడి జవాబు చెప్పేది. తెలియక, తను ఏదో తప్పు చేసినట్టు తలదించుకుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. మగవాళ్ళు ఎందుకు చూపించరు?

నాన్నను చెడ్డవాడని అనడం లేదు. తాగి కొట్టిన మనిషి కాదు, జీతం దాచుకున్న మనిషీ కాదు. ఆయన వయసువాళ్ళను, ఇంకా చిన్నవాళ్ళను కూడా అడిగాను. మొదట అందరూ ఒకటే మాట: "నేనున్నాను కదా." మిలట్రీలో ఉన్నంతకాలం ఇంట్లో లేని మనిషి, రిటైరయ్యాక "నేనున్నాను కదా" అనడం నాకు వింతగా తోచింది. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. పద్దెనిమిది ఇరవై ఏళ్ళు ఆ ఇల్లు అతను లేకుండానే నడిచింది. తిరిగొచ్చేసరికి తోట భార్య మాట వింటుంది, పిల్లలు భార్య మాట వింటారు, ఆవు కూడా ఆమె పిలిస్తేనే వస్తుంది. ఇంట్లో అతనిదంటూ మిగిలింది ఆ పెట్టె ఒక్కటే. దాని తాళం కూడా ఇచ్చేస్తే ఇంక తనకేం మిగులుతుంది? టీకొట్టు దగ్గర మాజీ సైనికులంతా చేరి ఓఆర్‌ఓపీ (ఒకే ర్యాంకుకి ఒకే పెన్షన్) లెక్కలు గంటలకొద్దీ మాట్లాడతారు. 2015 నవంబరులో ఆర్డరొచ్చింది, 2014 జులై నుంచి వర్తించింది, ఐదేళ్ళకోసారి సవరణ, ఎవరి ర్యాంకుకి ఎంత, ఎవరి సర్వీసుకి ఎంత, అన్నీ నోటికి చెబుతారు. ఇంటికొచ్చి భార్యకు ఒక్క అంకె చెప్పరు. నాన్నా అంతే. దాన్ని నేను అర్థం చేసుకోగలను. సరే అనలేను.

రెండో జవాబు, "చెబితే డబ్బు పుట్టింటికి పంపించేస్తారు." దీనికి నేను జవాబు చెప్పను.

మూడోది అపశకునం. ఇందులో ఆడవాళ్ళ తప్పు కూడా ఉంది, దాచకూడదు. నాన్న పోవడానికి రెండేళ్ళ ముందు, ఎవరో స్నేహితుడు చనిపోయిన బాధలో ఉండి, పెట్టె తీసి "ఇటు రా, ఇవి చూసుకో" అని అమ్మను పిలిచారట. అమ్మ చీపురు పట్టుకుని "పొద్దున్నే ఏటా మాటలు, మూసీ పెట్టి" అని కసిరిందట. ఇది అమ్మే చెప్పింది, నాన్న పోయిన చాలా రోజులకు. భర్త ముందు పోతాడన్న మాట ఏ ఆడది వింటుంది? కానీ మిలట్రీ వాడి భార్యకు ఆ మాట కొత్తది కాదు. కార్గిల్ మూడు నెలలూ వీధరుగు మీద కూర్చుని ఆమె ఎదురుచూసింది ఆ మాట కోసమే. కళ్ళెదుట లేనప్పుడు అంత భయాన్ని మోసిన మనిషి, కళ్ళెదుట ఉన్నప్పుడు ఒక కాగితానికి భయపడింది.

ఇంకోటి కూడా చెప్పాలి. ఊరికి మిలట్రీ అంటే గుర్తొచ్చేవి రెండే. ఒకటి క్యాంటీన్ బాటిల్. రెండోది జెండా కప్పిన పెట్టె. సరిహద్దులో ఎవరైనా పోతే పలాస నుంచి ఊరిదాకా బైకుల ర్యాలీ, ఫ్లెక్సీలు, నాయకులు, తుపాకుల వందనం, స్కూలు పిల్లలు రోడ్డుకి రెండువైపులా. అది తప్పని నేను అనను, నేనూ మా పిల్లల్ని తీసుకెళ్ళి నిలబెట్టాను. విజయనగరం పక్కనే కోరుకొండ సైనిక్ స్కూలుంది, 1962లో పెట్టారు. 2020 జూన్‌లో గల్వాన్‌లో అమరుడైన కర్నల్ సంతోష్ బాబు అక్కడే చదివారు. బళ్ళు తెరిచాక ఆయన ఫొటో చూపించి మా క్లాసులో పాఠం చెప్పాను. ఆయన పోయిన ఆ జూన్‌లోనే మా అమ్మ ఫైలు ఎక్కడుందో తెలియక నేను ఫోన్లు చేస్తున్నాను. 24 ఏళ్ళు లారీ తోలి, ఇంటికొచ్చి, ప్రైవేటు స్కూలు బస్సు తోలి, గుండె ఆగి పోయిన నాయక్ గురించి పాఠం ఉండదు. వీరమరణం పొందిన జవాను ఇంటికి ఆఫీసర్లే కాగితాలు పట్టుకుని వస్తారు. మామూలుగా పోయిన వాడి భార్యే ఆఫీసులకు వెళ్ళాలి. జిల్లాలో ఎక్కువమంది పోయేది మామూలుగానే. డిసెంబరు 7న ఫ్లాగ్ డేకి స్కూళ్ళలో చందా పోగుచేస్తాం కదా, ఆ రోజు ఉపన్యాసం ఒకటి తగ్గించి, ఊళ్ళో ఉన్న మాజీల భార్యల పేర్లు పీపీఓతో సరిపోయాయో లేదో చూసే మనిషిని ఒకర్ని కూర్చోబెడితే నేను ఫ్లెక్సీకి కూడా చందా ఇస్తాను.

ఒక్క పెన్షనే కాదు, ఈసీహెచ్ఎస్ కార్డుదీ ఇదే కథ. మాజీలకు, వాళ్ళ కుటుంబాలకు 2003 నుంచి ఉన్న వైద్యం అది. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు తలుపు తట్టని వీధి లేదు. అలాంటి చోట ఆ కార్డు విలువేమిటో డయాలసిస్‌కి తిరిగే ఇల్లు చెబుతుంది. పేరు తప్పయితే దానికీ తిప్పలే.

ఇప్పుడు కాలం మారింది కదా అంటారు. మారింది. ఇప్పటి జవాన్ల భార్యలు డిగ్రీలు చదివారు, రోజూ వీడియోకాల్ ఉంది, జీతం ఖాతాలో పడుతుంది. పెన్షన్లన్నీ స్పర్శ్ అనే రక్షణశాఖ వెబ్‌సైట్లోకి వచ్చాయి. భార్య పేరెలా ఉందో, తేదీ ఎలా ఉందో ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు, సరిచేయమని అడగొచ్చు. కానీ యూజర్ ఐడీ ఎవరికి తెలుసు? ఓటీపీ ఎవరి ఫోనుకి వస్తుంది? ఆ ఫోను లాక్ ఎవరి వేలికి తెరుచుకుంటుంది? మనిషి పోయిన వారానికి సిమ్ రీచార్జ్ అయిపోతే ఆ ఓటీపీ కూడా పోతుంది. నాన్న తాళంచెవిని కనీసం మొలతాడు తెంపి తీయగలిగాం.

అగ్నివీరుల ఇళ్ళలో ఇంకో రకం ప్రశ్న. 2022లో వచ్చిన పథకం. నాలుగేళ్ళ సర్వీసు, చివర్లో సుమారు 11.71 లక్షల సేవానిధి, పెన్షన్ లేదు, నూటికి 25 మందిని మించి కొనసాగించరు. ఆ పథకం మంచిదా చెడ్డదా అన్నది వేరే వ్యాసం. ఇక్కడ నాకు కావాల్సింది ఒక్కటే. సర్వీసులో ఏదైనా జరిగితే 48 లక్షల బీమా ఉంటుంది, పెళ్ళికాని కుర్రాడు కాబట్టి నామినీ చాలావరకు అమ్మే. మా ఊళ్ళో అలా వెళ్ళిన ఇద్దరు కుర్రాళ్ళ తల్లుల్ని అడిగాను. తమ పేరు అక్కడ ఎలా రాశారో ఇద్దరికీ తెలియదు. ఒకావిడ, "ఆడికి తెల్సు" అంది. ఇంకో ఆవిడ నా నోరు మూసింది, అచ్చం మా అమ్మలాగే.

అమ్మ ఇప్పుడు మారింది. తాళంచెవి ఆమె మంగళసూత్రం ఉండే చోట, నల్లదారానికి ఉంటోంది. వచ్చే జూన్‌తో ఏడేళ్ళు నిండుతాయి, సగం పోయి 30 శాతం అవుతుంది, అంటే ఐదు రూపాయల్లో రెండు తగ్గినట్టు. ఆ సంగతి నేను చెప్పకముందే ఆమె నాకు చెప్పింది. "జూన్ లోపల బాత్రూం కట్టించీసుకుందుము, తర్వాత సేతకాదు" అని మేస్త్రీతో బేరం మొదలెట్టింది. వీధిలో ఎవరికి పెన్షన్ కాయితం వచ్చినా ముందు మా అరుగు మీదకే తెస్తున్నారు. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని పేరు దగ్గర వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువుతుంది. అంకెలు నాకు ఫొటో తీసి పంపుతుంది.

ఈ సంక్రాంతికి పెదనాన్న కొడుకు సెలవుకొచ్చాడు. హవల్దారు. కనుమనాడు భోజనాలయ్యాక, వదినతో కూర్చున్నప్పుడు అమ్మే అడిగింది, "నీ పేరు ఆడి కాగితాల్లో సరిగ్గా ఉందేటే?" అని. వదిన బీకామ్. అన్నయ్య వంక చూసింది. అన్నయ్య "అన్నీ కరెక్టే పిన్నీ, టెన్షన్ పడకు" అన్నాడు. అమ్మ వదలలేదు, "అయితే తియ్యి, సూద్దుము" అంది. ఫోన్లో వెతికి వెతికి తీశాడు. వదిన పేరు సరిగ్గానే ఉంది, ఇంటిపేరు మాత్రం పెళ్ళికి ముందుదే ఉంది. ఆధార్‌లో అత్తింటిది. పెద్దపాప పుట్టిన తేదీలో నెలా రోజూ తారుమారయ్యాయి. అన్నయ్య కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, వెళ్ళగానే రెండూ పార్ట్ టూ వేయిస్తానన్నాడు. జనవరి 20న పలాసలో రైలెక్కాడు.

ఆర్డరు ఇంకా పడలేదు. వదిన ప్రతి ఆదివారం వీడియోకాల్లో, తిన్నావా అని అడగడానికి ముందు అదే అడుగుతోందట.